సాయంత్రపు సంగీత కళాశాలా, వారాంతపు శిక్షణా?

ప్రశ్న: నా వయసు 36. ఉప్పల్ దగ్గర ఒక ప్రైవేటు సీబీఎస్ఈ పాఠశాలలో 3, 4, 5 తరగతులకు పాఠాలు చెబుతున్నాను. జీతం 19,000 రూపాయలు. సాయంత్రాలు ఇంట్లో ఆరుగురు పిల్లలకు ట్యూషన్ చెబితే నెలకు మరో 4,800 వస్తాయి. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం గీతాలు అనే తొలి పాటల దాకా నేర్చుకుని, పదో తరగతిలో మానేశాను. కళల ద్వారా పాఠం చెప్పడంలో శిక్షణ తీసుకుంటే జీతం పెంచే సంగతి చూస్తామని మా ప్రిన్సిపాల్ గారు అంటున్నారు. ఒక ప్రైవేటు సంస్థ శని, ఆదివారాల్లో పది నెలలు శిక్షణ ఇస్తామని, 62,000 రూపాయలు కట్టమని చెప్పింది. నా కోరిక మాత్రం ప్రభుత్వ సంగీత కళాశాలలో సాయంత్రపు తరగతుల్లో చేరి నాలుగేళ్ల సర్టిఫికెట్ కోర్సు చేయాలని. అక్కడ ఫీజు తక్కువే గాని, వారానికి అయిదు రోజులు గంటన్నర తరగతి, బస్సులో రానూపోనూ మరో గంటన్నర. మావారు వద్దనరు గాని, "మధ్యలో ఆపేస్తే డబ్బూ పోతుంది, సమయమూ పోతుంది" అంటారు. బాబు ఆరో తరగతి. అత్తగారు మాతోనే ఉంటారు. నేను ఏది ఎంచుకోవాలి? అసలు ఈ వయసులో గొంతు పలుకుతుందా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు రెండు కోర్సుల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నానని రాశారు గాని, నాకు అందులో వేరువేరు అవసరాలు రెండు కనిపిస్తున్నాయి. ఒకటి మీ పాఠశాల అవసరం: పిల్లలకు లెక్కలూ తెలుగూ పాటతో, బొమ్మతో, ఆటతో చెప్పగలగడం. రెండోది మీ సొంత అవసరం: పదో తరగతిలో వదిలేసిన చోటునుంచి సంగీతాన్ని మళ్లీ అందుకోవడం. మొదటిదానికి నాలుగేళ్లు అక్కరలేదు, 62,000 అంతకన్నా అక్కరలేదు. రెండోదానికి పది నెలల వారాంతపు శిక్షణ ఏ మూలకూ చాలదు. ఈ రెంటినీ ఒకే ఫీజుతో తీర్చుకోవాలనుకోవడం వల్లనే మీకు లెక్క తేలడం లేదు.

ముందు డబ్బు సంగతి చూద్దాం. కళాశాల ఫీజు తక్కువ కాబట్టి అది చవక అనీ, ప్రైవేటు శిక్షణ ఖరీదైనదనీ మీకు అనిపిస్తున్నట్టుంది. మీ ట్యూషన్ ఏ వేళలో జరుగుతోందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. సాయంత్రం బడినుంచి వచ్చాక చెప్పే ఆ గంటన్నరే కళాశాల తరగతికి పోతుంది. ట్యూషన్ పూర్తిగా మానేస్తే నెలకు 4,800 చొప్పున, బడి నడిచే పది నెలలకు 48,000, నాలుగేళ్లకు 1,92,000 రూపాయల రాబడి తగ్గుతుంది. రసీదు పుస్తకంలో ఎక్కడా కనిపించని ఈ ఖర్చే అసలు ఖర్చు. మహాలక్ష్మి పథకం వచ్చాక సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బు అక్కరలేదు కాబట్టి దారి ఖర్చు మిగులుతుంది గాని, దారిలో పోయే గంటన్నరను ఏ పథకమూ తిరిగి ఇవ్వలేదు.

అందువల్ల చేరడానికి ముందే ఆ ఆరుగురు పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడండి. శనివారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం రెండేసి గంటలు చెబుతానంటే వారిలో ముగ్గురైనా ఒప్పుకుంటే ఏడాదికి 24,000 నిలబడతాయి. మిగతా 24,000 లోటును ఇల్లు మోయగలదా అన్నది మీరూ మీవారూ కాగితం మీద వేసుకుని తేల్చుకోవలసిన విషయం. మోయలేని ఏడాది అయితే కోర్సును ఒక ఏడాది వాయిదా వేసి, ఆ డబ్బు ముందుగా కూడబెట్టుకుని చేరడంలో తప్పేమీ లేదు. అప్పు చేసి మాత్రం చేరవద్దు.

ఇక 62,000 సంగతి. ఇది మీ మూడు నెలల జీతం కన్నా ఎక్కువ. ప్రిన్సిపాల్ గారు "చూస్తాం" అన్నారు గాని ఎంత పెంచుతారో చెప్పలేదు. నెలకు వెయ్యి పెంచారనుకుందాం. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి 62 నెలలు, అంటే అయిదేళ్ల పైన రెండు నెలలు పడుతుంది. అంతకాలం మీరు అదే బడిలో ఉండాలి, ఆ ప్రిన్సిపాల్ గారూ ఉండాలి. ఆ 62,000లో జీఎస్టీ కలిసి ఉందా, విడిగా వేస్తారా అన్నది కూడా అడిగి తెలుసుకోండి. 18 శాతం విడిగా పడితే మరో 11,160 కలిసి మొత్తం 73,160 అవుతుంది. సామగ్రి, చివర్లో పెట్టే ప్రదర్శన, దానికి వేసుకునే బట్టలు, ఫొటోలు ఎవరి ఖర్చో కూడా అడగాలి. కళల కోర్సుల్లో ఇలాంటి చిన్న చిన్న ఖర్చులే చివరకు మోపెడవుతాయి.

ఆ ఫీజును వాయిదాల్లో కట్టమంటే ఇంకా జాగ్రత్త అవసరం. "వడ్డీ లేని వాయిదాలు" అని చెప్పే చోట్ల తరచుగా జరిగేదేమిటంటే, సంస్థకు డబ్బు మొత్తం ఒక ఫైనాన్స్ కంపెనీ ముందే కట్టేస్తుంది, మీరు ఆ కంపెనీకి బాకీ పడతారు. మూడో నెలలో మీరు శిక్షణ మానేసినా, సంస్థే తరగతులు తగ్గించినా, వాయిదా మాత్రం మీ బ్యాంకు ఖాతాలోంచి ప్రతి నెలా పోతూనే ఉంటుంది. సంతకం పెట్టే కాగితం ఫీజు ఒప్పందమా, రుణ ఒప్పందమా అన్నది మామూలుగా పైనున్న శీర్షికలోనే తెలుస్తుంది. ఆ ఒక్క పంక్తి చదవకుండా సంతకం చేయవద్దు.

ఈ మాట నేను అనుభవంతో చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట, బడిలో సంగీతం చెబుతున్న రోజుల్లోనే, నేను ఒక సంస్థలో వారాంతపు శిక్షణకు డబ్బు మొత్తం ముందే కట్టాను. రెండు నెలలు చక్కగా నడిచింది. ఆ తరువాత మాకు చెబుతున్న ఆయన వెళ్లిపోయారు, వారం వారం జరిగే తరగతి నెలకు ఒకసారికి వచ్చింది. డబ్బు వెనక్కి అడిగితే రసీదు తిప్పి చూడమన్నారు. వెనక వైపు చిన్న అక్షరాల్లో "చెల్లించిన రుసుము తిరిగి ఇవ్వబడదు" అని ఉంది. ఆ రసీదు ఎప్పుడో పోయింది గాని, దాని వెనక వైపు మాత్రం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మీరు కట్టక తప్పదనుకుంటే మూడు నెలలకు ఒకసారి కట్టేలా ఒప్పించండి, బోధకుల పేర్లు, తరగతుల సంఖ్య, మానేస్తే ఎంత తిరిగి ఇస్తారన్నది రాతపూర్వకంగా తీసుకోండి. రాసి ఇవ్వం అని వాళ్లంటే, ఆ మాటే మీకు సమాధానం అనుకోండి.

సర్టిఫికెట్ విలువ గురించి కూడా ఒక మాట. డిగ్రీ ఇచ్చే అధికారం 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం విశ్వవిద్యాలయాలకూ, చట్టం అనుమతించిన సంస్థలకూ మాత్రమే ఉంది. ప్రైవేటు సంస్థ ఇచ్చే పత్రం మీరు శిక్షణకు హాజరయ్యారని చెబుతుంది, అంతే. మీ బడిలో అది పనికి రావచ్చు, మరో బడి దాన్ని పట్టించుకోకపోవచ్చు. నాలుగేళ్ల సర్టిఫికెట్ గురించి కూడా ఎక్కువ ఊహించుకోవద్దు. కేంద్రీయ విద్యాలయాలు ప్రాథమిక స్థాయి సంగీత ఉపాధ్యాయులకు ఇచ్చే ప్రకటనల్లో సంగీతంలో డిగ్రీ లేదా తత్సమానమైన అర్హత అడుగుతూ వచ్చాయి. 2023లో తెలంగాణ గురుకులాలు సంగీత ఉపాధ్యాయ పోస్టులకు కూడా ప్రకటన ఇచ్చాయి కాబట్టి ఉద్యోగాలు లేవని కాదు. ఎప్పుడో ఒకసారి వస్తాయి, వచ్చినప్పుడు అర్హత ఏమిటో ఆ ప్రకటనే చెబుతుంది. ఉద్యోగం మారడమే మీ లక్ష్యమైతే పాత ప్రకటనలు తెప్పించుకుని అర్హతల పేరా చదివాకే కోర్సు ఎంచుకోండి.

మీ పాఠశాల అవసరాన్ని ఇప్పుడే, దాదాపు ఖర్చు లేకుండా తీర్చుకోవచ్చు. 2020 జాతీయ విద్యావిధానం కళలను పాఠాలతో కలిపి చెప్పమంది, సీబీఎస్ఈ 1 నుంచి 10 తరగతులకు అలాంటి ప్రాజెక్టులు చేయించమంది. మీ ప్రిన్సిపాల్ గారి తొందర అక్కడినుంచి వచ్చిందే. దానికోసం ఉపాధ్యాయులకు ఇచ్చే నిష్ఠ అనే ప్రభుత్వ శిక్షణలో కళలతో కలిపి బోధించడం మీదనే ఒక భాగం ఉంది, దీక్ష అనే ఆన్‌లైన్ వేదికలో అది ఉచితం. 1979లో ఏర్పడిన కేంద్ర సాంస్కృతిక వనరుల శిక్షణ సంస్థ, అందరూ సీసీఆర్‌టీ అనేది, ఉపాధ్యాయులకు శిబిరాలు నడుపుతుంది. దాని ప్రాంతీయ కేంద్రం మన మాదాపూర్‌లోనే ఉంది. బోధనలో తోలుబొమ్మల వినియోగం వంటి విషయాల మీద అక్కడ శిబిరాలు జరుగుతాయి. వాటికి విద్యాశాఖ, పాఠశాలల ద్వారా ఉపాధ్యాయులను పంపే పద్ధతి ఉంది కాబట్టి, మీ ప్రిన్సిపాల్ గారి చేత ఒక లేఖ రాయించి, మీవంటి ప్రైవేటు పాఠశాలల వారికి చోటు ఉంటుందేమో అడిగించండి. ఆయన మిమ్మల్ని శిక్షణ తీసుకోమన్నారు; ఆ లేఖ రాయడం ఆయన వంతు.

శిక్షణ కోసం ఆగకుండా సోమవారమే మొదలుపెట్టగలిగినది ఒకటి చెబుతాను. మీకు ఆది తాళం వచ్చు: ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన దెబ్బ, తిప్పు (అరచేతిని పైకి తిప్పడం), దెబ్బ, తిప్పు, మొత్తం ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు. చతురశ్ర రూపకం అనే తాళానికి ఆరు: దెబ్బ, తిప్పు, దెబ్బ, మూడు వేళ్లు. అయిదో తరగతి పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టు చేత ఆది, రెండో జట్టు చేత రూపకం ఒకే వేగంతో వేయించండి. ప్రతి ఆవర్తంలో, అంటే తాళం ఒక చుట్టులో, మొదటి దెబ్బ గట్టిగా వేయమనండి. ఇద్దరి గట్టి దెబ్బలూ వేరువేరు చోట్ల పడుతూ పడుతూ, 24 అక్షరాలు పూర్తయ్యాక మళ్లీ ఒక్కసారి కలిసి మోగుతాయి. అప్పటికి ఆది మూడు ఆవర్తాలు, రూపకం నాలుగు. ఆ మోత విన్నప్పుడు పిల్లల ముఖాలు చూడండి. ఎనిమిదికీ ఆరుకూ కనిష్ఠ సామాన్య గుణిజం 24 అని బోర్డు మీద రాస్తే వాళ్లు రాసుకుంటారు. తమ చేతుల్లో మోగితే మరిచిపోరు. తరువాత అయిదు అక్షరాల ఖండ జాతి, ఏడు అక్షరాల మిశ్ర జాతి తీసుకుంటే లెక్క ఇంకా ముందుకు పోతుంది. చిన్నప్పుడు మీరు నేర్చుకున్న తాళాలతోనే ఇది సాధ్యమవుతుంది. ఇలాంటి పాఠాలు ఒక ఏడాదిలో పదో పన్నెండో చేసి, ఒక నోటుబుక్కులో తేదీలతో రాసిపెట్టుకుని ప్రిన్సిపాల్ గారి ముందు పెడితే, జీతం మాట ఎత్తడానికి ఏ సంస్థ ఇచ్చిన పత్రానికన్నా అదే బలమైన ఆధారం.

ఇప్పుడు మీ కోరిక దగ్గరికి వద్దాం. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా విజయనగరంలో సంగీత కళాశాల మొదలైన నాటినుంచి, గురువు ఇంట్లో ఉండి నేర్చుకునే వీలు లేని వాళ్లకు ఈ కళాశాలలే గురుకులాలయ్యాయి. నాలుగేళ్లు సర్టిఫికెట్, ఆపైన రెండేళ్లు డిప్లొమా అనే క్రమం మామూలు మనుషుల బతుకులకు అందే విధంగా వచ్చింది. పగలు పని చేసుకునే వాళ్లు సాయంత్రం వచ్చి నేర్చుకునే ఆ గదులంటే నాకు గౌరవం. మీరు అక్కడ చేరాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. కాని ఈ ఏడాది వద్దు, ఈ నెలలో అసలే వద్దు.

కారణం చెబుతాను. తరగతి గంటన్నర, దారి గంటన్నర, రోజుకు మూడు గంటలు, వారానికి 15. ఇంట్లో రోజుకు ముప్పావు గంట చొప్పున ఆరు రోజుల సాధన నాలుగున్నర గంటలు. మొత్తం పందొమ్మిదిన్నర గంటలు. ఈ ఆఖరి నాలుగున్నర గంటలు లేకపోతే ముందున్న 15 వృథా అవుతాయి, ఎందుకంటే సంగీతం తరగతిలో వినడం వల్ల రాదు, మర్నాడు పొద్దున ఒంటరిగా పాడుకున్నప్పుడు వస్తుంది. కోర్సు మధ్యలో మానేసిన వాళ్లను ఎందరినో చూశాను. ఫీజు కట్టలేక మానేసినవాళ్లు తక్కువ. సాధన చేయకుండా తరగతికి వెళ్లడానికి సిగ్గుపడి, ఒకరోజు, రెండు రోజులు, ఒక వారం ఎగ్గొట్టి, ఆ తరువాత ముఖం చెల్లక మానేసినవాళ్లే ఎక్కువ.

నా దగ్గరికి 41వ ఏట ఒక బ్యాంకు ఉద్యోగిని వచ్చేది. వంటింటి గోడకు ఉన్న క్యాలెండర్‌లో ప్రతి తేదీ గడిలో ఆ రోజు ఎన్ని నిమిషాలు పాడిందో పెన్సిలుతో రాసుకునేది. ఒక ఉగాది నాడు ఆ క్యాలెండర్ తెచ్చి చూపించింది. మొదటి స్వర పాఠాలైన సరళీ వరసలు సాగినన్నాళ్లూ గళ్లన్నీ నిండి ఉన్నాయి, వాటి తరువాత వచ్చే జంట వరసల దగ్గర 20, 10, 5 అని తగ్గాయి, మార్చి ఆఖరి రెండు వారాలు ఖాళీ. "బ్యాంకులో ఏడాది లెక్కలు మూసే రోజులండీ" అంది. మేమిద్దరం కూర్చుని మరుసటి ఏడాది మార్చిని ముందే విడిచిపెట్టి, ఆ నెలలో కొత్త పాఠం లేకుండా పాతవి రోజుకు పది నిమిషాలు పాడుకుంటే చాలని పెట్టుకున్నాం. ఆ తరువాత ఆమె కాస్త ఆలస్యంగానైనా సర్టిఫికెట్ పరీక్ష గట్టెక్కింది. మీకూ అలాంటి నెలలు ఉంటాయి: పరీక్ష పేపర్లు దిద్దే రోజులు, వార్షికోత్సవం ముందు రెండు వారాలు. వాటిని ఇప్పుడే గుర్తు పెట్టుకోండి.

కాబట్టి రేపటినుంచి 90 రోజులు ఒక పని చేయండి. ఉదయం అయిదున్నరకు లేచి ముప్పావు గంట పాడండి. ఫోన్‌లో ఉచితంగా దొరికే శ్రుతి యాప్ చాలు, శ్రుతి పెట్టె కొనవద్దు, వీణ మాట అసలు తలపెట్టవద్దు. మొదట పది నిమిషాలు "ఆ" అంటూ పాడే ఆకారం, ఆపైన మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో. మూడో కాలంలో తాళం తడబడితే మళ్లీ మొదటి కాలానికి రండి. చిన్నప్పుడు మనం అక్కడే పరుగెత్తి పాడు చేసుకుంటాం. వారానికి ఒక్కరోజు దగ్గర్లో ఎవరైనా సంగీతం చెప్పే ఆవిడ దగ్గర కూర్చుని తప్పులు దిద్దించుకోండి. 90 రోజుల్లో 70 రోజులైనా గళ్లు నిండితే, వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశాలు తెరిచినప్పుడు నిశ్చింతగా చేరండి. 40 దగ్గర ఆగిపోతే, కళాశాలలో చేరినా అక్కడే ఆగేవారన్నమాట. అప్పుడు ఇంటి దగ్గర నేర్చుకుంటూ వెళ్లడమే మేలు. ఈలోగా కళాశాల కార్యాలయానికి ఒక మధ్యాహ్నం వెళ్లి, హాజరు ఎంత శాతం ఉండాలి, ఏడాది మధ్యలో విరామం తీసుకుంటే మళ్లీ చేర్చుకుంటారా, బయట నేర్చుకున్నవాళ్లు ప్రైవేటుగా పరీక్షకు కూర్చునే వీలుందా అని అడిగి రాసుకోండి.

ఇంటి సంగతి సున్నితమైనది. కోర్సులో చేరాక మీరు ఇంటికి వచ్చేసరికి రాత్రి అవుతుంది. ఆ వేళకు పొయ్యి ఎవరు వెలిగిస్తారు, బాబు హోంవర్కు ఎవరు చూస్తారు, అత్తగారికి మందులు వేళకు ఎవరు ఇస్తారు అన్న మూడింటికీ పేరుతో సహా జవాబు ఉండాలి. "అందరం చూసుకుంటాం" అనే మాట రెండో నెలకు "నువ్వే చూసుకో"గా మారిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను, అందులో ఎవరి దురుద్దేశమూ ఉండదు. ఆ 90 రోజుల్లోనే వారానికి రెండు సాయంత్రాలు మీరు ఇంట్లో లేనట్టుగా నడిపి చూడండి. మీవారు అన్న మాటలో పెడసరం నాకు కనిపించలేదు. మధ్యలో ఆగిపోతుందేమోనన్న భయమే ఉంది. ఆ భయానికి మీరు ఇచ్చే జవాబు నిండిన క్యాలెండరే కావాలి. అత్తగారికి మీ పాట ఇష్టమేమో కూడా అడగండి. పొద్దున్నే గొంతెత్తే కోడలికి ఇంట్లో ఒక శ్రోత ఉండడం చిన్న సాయం కాదు.

చివరగా గొంతు గురించి అడిగారు. పలుకుతుంది. అయితే పదిహేనేళ్ల వయసులో పాడిన శ్రుతిలో ఇప్పుడు పాడాలని పట్టుపట్టవద్దు. అప్పుడు ఆరు శ్రుతిలో పాడి ఉంటే ఇప్పుడు కాస్త కిందకు దిగి నాలుగున్నరలో మొదలుపెట్టండి, పై స్థాయి "స" అయిన తార షడ్జం బిగబట్టకుండా అందుతున్నదని నమ్మకం కుదిరాక అయిదుకు వెళ్లవచ్చు. మీ గొంతుకు అసలు శత్రువు వయసు కాదు, నలభై మంది పిల్లల గదిలో రోజంతా అరవడం. తరగతిలో పిల్లలను నిశ్శబ్దం చేయడానికి గొంతు పెంచకుండా చప్పట్ల లయ ఒకటి అలవాటు చేయండి, మీరు నాలుగు కొడితే వాళ్లు నాలుగు కొట్టి ఆగేలాగా. బల్ల మీద నీళ్ల సీసా పెట్టుకుని పీరియడ్‌కు ఒకసారైనా తాగండి. రెండు వారాలు దాటి బొంగురు తగ్గకపోతే సాధన ఆపి, చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించుకున్నాకే మళ్లీ మొదలుపెట్టండి. 90 రోజులు గడిచాక క్యాలెండర్‌లో ఎన్ని గళ్లు నిండాయో నాకు రాయండి, ప్రవేశ దరఖాస్తు సంగతి అప్పుడు కలిసి చూద్దాం.